తుంటి శస్త్రచికిత్స తరువాత మళ్లీ నడక

మన హోసూరు, డెంకణికోట, సూళగిరి ప్రాంతపు పల్లెలలో ఇంటి పెద్దవారు జారిపడినప్పుడు "నడుము విరిగింది" అని చెప్పుకొంటాము. చాలా సందర్భాలలో విరిగినది నడుము కాదు, తుంటి. తమిళంలో 'ఇడుప్పు' అన్న మాట నడుముకూ తుంటికీ రెండింటికీ చెల్లుతుంది కనుక ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చే కబురు కూడ ఆ తికమకతోనే వస్తుంది. శస్త్రచికిత్స ఒకటి రెండు గంటలలో ముగుస్తుంది. ఆ తరువాత నడక తిరిగి రావడానికి మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. ఆ కాలమంతా రోగి ఉండేది ఇంటిలోనే, చూసుకొనేది ఇంటివారే. ఆ రోజులలో ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో తెలుపుటకే ఈ వ్యాసం.

దీనిని వ్రాయడానికి కారణం మా అమ్మ. ఆమెకు 74 ఏళ్లప్పుడు స్నానాల గది గడప దగ్గర జారిపడి ఎడమ తుంటి విరిగింది. పట్టణంలోని ఒక ఆసుపత్రిలో కీలు మార్చి, నాలుగవ రోజున ఇంటికి పంపారు. చేతికిచ్చిన ఆంగ్ల కాగితాన్ని ఇంటిలో చదవగలిగినవాడిని నేనొక్కడినే. మాత్రల పేర్లు, వేళలు అన్నీ చదివి గోడకు అంటించాను. అడుగున డబ్ల్యు.బి.ఏ.టి. అని నాలుగు అక్షరాలున్నాయి. అవి ఏవో ఆసుపత్రి గుర్తులనుకొని వదిలివేశాను. మా వదిన "అత్త కాలు ఊనవచ్చునా?" అని అడిగితే, "ఎముక అతికేదాకా వద్దు వదినా" అని నా సొంత తెలివితో చెప్పాను. కుట్లు విప్పించడానికి పద్నాలుగవ రోజున వెళ్లినప్పుడు డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "రోజుకు ఎంత దూరం నడుస్తున్నారు?" అని. అప్పటికి అమ్మ పిర్రల నడుమ రూపాయి బిళ్లంత పుండు పడింది. తొడ కండ కరిగి మోకాలు మాత్రమే పెద్దదిగా కనబడుతోంది. ఆ నాలుగు అక్షరాలకు అర్థం, "ఓర్చుకోగలిగినంత బరువు వేసి నడవవచ్చు" అని. పిల్లలకు ప్రశ్నను పూర్తిగా చదివి జవాబు వ్రాయమని రోజూ చెప్పే ఉపాధ్యాయుడు చేసిన పని ఇది. పోయిన ఆ పది రోజుల బలాన్ని తిరిగి తెచ్చుకోవడానికి అమ్మకు రెండు నెలలు పట్టింది.

ఏ శస్త్రచికిత్స జరిగినదో తెలుసుకొనుట

తొడ ఎముక పైభాగాన బంతివంటి తల, దాని క్రింద సన్నని మెడ ఉంటాయి. ఆ తల కటి ఎముకలోని గిన్నెవంటి గుంటలో తిరుగుతుంది. పెద్దవారు పడినప్పుడు విరిగేది సాధారణంగా రెండు చోట్ల. ఒకటి మెడ దగ్గర. తలకు రక్తం తీసుకొనిపోయే నాళాలు ఈ మెడ వెంబడే పోతాయి కనుక, మెడ విరిగి ఎముక ప్రక్కకు జరిగితే అవి తెగిపోయి, తల అతకక చచ్చిపోయే ప్రమాదముంటుంది. అందువలన వృద్ధులకు ఆ తలను తీసివేసి లోహపు తలను అమరుస్తారు. దీనిని హెమీ ఆర్థ్రోప్లాస్టీ అంటారు. కాగితంలో బైపోలార్ అనో, ఆస్టిన్ మూర్ అనో ఉంటే ఇదేనని గ్రహించవలెను. ఆస్టిన్ మూర్ అన్నది అమెరికా వైద్యుని పేరు. ఆయన 1940లో లోహపు తొడతలను తొలిసారి అమర్చారు. తలతో పాటు గిన్నెను కూడ మార్చితే అది పూర్తి కీలు మార్పిడి. నేటి పూర్తి మార్పిడికి మార్గం చూపినవారు ఇంగ్లండుకు చెందిన జాన్ చార్న్‌లీ, 1962లో.

రెండవది మెడకు క్రింద, తొడ ఎముక ఉబ్బెత్తుగా ఉండే చోట విరుగుట. అక్కడ రక్తం బాగా ఆడుతుంది, ఎముక అతుకుతుంది. కనుక కీలును మార్చరు. ఎముక లోపల కడ్డీ గాని, ప్రక్కన రేకు, మర గాని వేసి బిగిస్తారు. కాగితంలో పి.ఎఫ్.ఎన్. అంటే కడ్డీ, డి.హెచ్.ఎస్. అంటే రేకూ మరా.

ఈ తేడా ఇంటివారికి ఎందుకంటే, కీలు మార్చినవారికి కీలు జారకుండ కొన్ని కట్టుబాట్లు ఉంటాయి. కడ్డీ వేసినవారికి సాధారణంగా అవి ఉండవు. బరువు వేయుట విషయంలో వృద్ధులకు పై రెండు రకాలలోనూ ఎక్కువమందికి మొదటి నుండే అనుమతి ఉంటుంది. వయసులో ఉన్నవారికి మెడ ఎముకను మరలతో బిగించినప్పుడు మాత్రం కొన్ని వారాలు పూర్తి బరువు వద్దనవచ్చు. ఈ మాటను శస్త్రచికిత్స చేసిన డాక్టరు నోటి నుండే వినవలెను. ఊహించరాదు, పొరుగింటివారిని అడగరాదు, నావలె గోడకు అంటించి ఊరుకోనూ రాదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన ప్రాంతంలో ఎముక విరిగితే పుత్తూరు కట్టు గుర్తుకు వస్తుంది. చేయి, ముంజేయి వంటి వాటి సంగతి ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. తుంటి మాత్రం కండల లోతున ఉంటుంది. బయట కట్టిన ఏ కట్టూ దానిని కదలకుండ పట్టి ఉంచలేదు. కట్టు కట్టించి ఎదురుచూచిన ప్రతి రోజూ రోగి మంచం మీదనే గడుపుతారు. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు 2011లో, చేర్పించిన రోజున గాని మరునాడు గాని శస్త్రచికిత్స జరగవలెనని, అది జరిగిన మరునాడే రోగిని లేపి నిలబెట్టవలెనని చెప్పాయి. మన ఆసుపత్రులలో కూడ నేడు వీలైనంతవరకు ఇదే పద్ధతి.

మంచం చేసే హాని

మరునాడే లేపుట క్రూరమని మన పెద్దలకు తోస్తుంది. "పచ్చి పుండు మీద నడిపిస్తారా" అని మా చిన్నమ్మ వార్డులోనే గొడవపడింది. కాని వృద్ధులకు ప్రాణం మీదికి తెచ్చేది తరచుగా విరిగిన ఎముక కాదు, ఆ తరువాతి పడక. కదలక పడుకొన్న మనిషి ఊపిరితిత్తులలో కఫం నిలిచి న్యుమోనియా వస్తుంది. పిక్కలలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే నిమిషాలలో ప్రాణం పోవచ్చు. పిర్రల నడుమ, మడమల మీద పుండ్లు పడతాయి. మలబద్ధకం, మూత్రం బిగియుట, ఆకలి మందగించుట వెంట వస్తాయి. తొడ కండ వారంలోనే కరగడం మొదలవుతుంది.

నొప్పి ఉండదని కాదు. నొప్పి మాత్రను నడకకు అరగంట, ముప్పావుగంట ముందు వేసుకొంటే నడక సులువవుతుంది. "మాత్రలు ఎక్కువైతే మంచిది కాదు" అని మాత్ర మానుకొని, నొప్పి వలన నడక కూడ మానుకొనే పెద్దలు చాలామంది ఉన్నారు. అది రెండు విధాలా నష్టం. రక్తం గడ్డకట్టకుండ ఇచ్చే మందును వైద్యుడు వ్రాసినన్ని రోజులు, కొందరికి 35 రోజుల వరకు, ఒక్క పూట కూడ తప్పక వాడవలెను.

మంచం మీదనే చేయవలసిన కసరత్తులు నాలుగు. మెలకువగా ఉన్నంతసేపు గంటకొకసారి చీలమండను ముందుకూ వెనుకకూ పది పదిహేను మార్లు ఆడించుట. మోకాలిని పరుపుకేసి నొక్కి తొడ కండను బిగించి, ఐదు అంకెలు లెక్కించి వదలుట. పిర్రలను బిగించి వదలుట. మడమను పరుపు మీద జార్చుతూ మోకాలిని కొద్దిగా ముడిచి మళ్లీ చాచుట. చివరి మూడింటిని ఒక్కొక్కటి పది మార్లు, రోజుకు మూడు నాలుగు పూటలు చేయవలెను. అంకెలు లెక్కపెట్టే పని మా ఇంటిలో రెండవ తరగతి చదివే అన్న కూతురికి అప్పగించాము. అవ్వకు కసరత్తు, దానికి లెక్కలు. ఒక్క పూట కూడ తప్పనివ్వలేదు.

చక్రాలు లేని వాకర్

నాలుగు కాళ్ల వాకర్‌నే వాడవలెను. చక్రాలున్నది మొదట వద్దు. మన ఇళ్ల బండపరుపు మీద అది జారుతుంది. రోగి నిటారుగా నిలబడి చేతులు వ్రేలాడవేసినప్పుడు వాకర్ పిడి మణికట్టు ముడత దగ్గరకు రావలెను. అప్పుడు పిడి పట్టుకొంటే మోచేయి కొద్దిగా వంగి ఉంటుంది. ఎత్తు తక్కువైతే ముందుకు వంగిపోతారు, ఎక్కువైతే భుజాలు నొస్తాయి. పొరుగూరి నుండి అరువు తెచ్చిన వాకర్‌ను ఎత్తు సరిచేయకుండ వాడుట మన వద్ద సాధారణం. కాళ్లకున్న బొత్తాన్ని నొక్కితే ఎత్తు మారుతుంది.

నడిచే క్రమం ఇది. ముందు వాకర్, తరువాత ఆపరేషన్ జరిగిన కాలు, చివర మంచి కాలు. మంచి కాలు వేసేటప్పుడు బరువును చేతుల మీద మోపవలెను. తిరగవలసి వచ్చినప్పుడు కాలి మీద గిరుక్కున తిరగక చిన్న చిన్న అడుగులతో తిరగవలెను. మెట్లు గాని, మన పాత ఇళ్ల ఎత్తు గడపలు గాని ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. దీనిని మా అమ్మకు ఎన్నిమార్లు చెప్పినా నిలవలేదు. చివరకు వదిన "మంచిది మీదికి, చెడ్డది కిందికి" అని చెప్పితే నిలిచింది.

దూరం విషయంలో అంకెల కంటె గురుతులు మేలు. మొదటి వారం మంచం నుండి నడవా వరకు, తరువాత తులసికోట వరకు, ఆ తరువాత ఎదురింటి అరుగు వరకు. ఒకేసారి ఎక్కువ దూరం కాదు. రోజుకు ఐదారు మార్లు కొద్దికొద్దిగా. సాయంత్రానికి కాలు కొంత వాయుట సహజమే. మరునాటి ఉదయానికి తగ్గకపోతే, నొప్పి పెరిగితే ముందటి రోజంతే నడవవలెను.

వాకర్ నుండి చేతికర్రకు మారుట చాలామందికి ఆరు వారాల తరువాత, ఫిజియోథెరపిస్టు చూసి చెప్పిన మీదట. కర్రను ఆపరేషన్ జరిగిన కాలి వైపు కాదు, దానికి ఎదుటి చేతిలో పట్టవలెను. ఎడమ తుంటి అయితే కుడి చేతిలో కర్ర. ఇది వినడానికి తలక్రిందులుగా తోస్తుంది. కాని ఎడమ కాలు నేల మీద ఉన్నప్పుడు కుడి చేతి కర్ర కొంత బరువును పంచుకొంటుంది కనుక, ఎడమ తుంటి కండలు అంతగా లాగవలసిన పని ఉండదు.

నేల, పీట, నులక మంచం

కీలు మార్చినవారిలో, ముఖ్యంగా వెనుక వైపు నుండి కోసి చేసినప్పుడు, ఆరు నుండి పన్నెండు వారాలు మూడు పనులు కూడదు. తుంటిని లంబకోణం కంటె ఎక్కువ వంచరాదు; అనగా కూర్చొన్నప్పుడు మోకాళ్లు తుంటి కంటె ఎత్తుకు రారాదు. కాలు మీద కాలు వేయరాదు. ఆ కాలిని లోపలికి త్రిప్పరాదు. వీటిని తప్పితే లోహపు తల గిన్నెలో నుండి జారిపోవచ్చు.

చెప్పడానికి మూడు వాక్యాలే గాని, మన ఇంటి బ్రతుకంతా ఈ మూడింటికి విరోధమే. నేల మీద బాసిపట్లు వేసి భోజనం, పీట మీద స్నానం, గొంతుకూర్చొని మరుగుదొడ్డి, వంగి కల్లాపి, పొయ్యి ముందు కూర్చొనుట, సాగిలపడి దండం. నులక మంచం కూడ పనికిరాదు. నడుమ దిగబడి తుంటి ముడుచుకొంటుంది, లేవడం కష్టమవుతుంది. గట్టి పలక మంచం, మోకాలి ఎత్తుకు కొద్దిగా పైన ఉండేది కావలెను. తక్కువైతే కాళ్ల క్రింద ఇటుకలు గాక, మంచం కాళ్లు కదలకుండ కూర్చొనే చెక్క దిమ్మెలు పెట్టించవలెను. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి తప్పనిసరి. లేచేటప్పుడు ఆపరేషన్ కాలిని ముందుకు చాచి, కుర్చీ చేతుల మీద బలం వేసి లేవవలెను. పడుకొన్నప్పుడు రెండు కాళ్ల నడుమ దిండు ఉంచవలెను.

మరుగుదొడ్డి సంగతి ఎవరూ అడగరు, కాని అన్నింటికంటె పెద్ద చిక్కు అదే. నడుమ రంధ్రమున్న కమోడ్ కుర్చీని మన గుంట దొడ్డి మీదనే ఉంచి వాడవచ్చు. అది మందుల పెద్ద దుకాణాలలో దొరుకుతుంది. దానిని రోగి ఇంటికి రాకముందే తెచ్చి ఉంచవలెను. సిగ్గుపడి, నీళ్లు త్రాగితే మాటిమాటికి లేవవలసి వస్తుందని నీళ్లు మానివేసే ఆడవారు ఎక్కువ. దాని వలన మూత్రంలో చీము, మలబద్ధకం, మైకం వస్తాయి. గోడకు పట్టుకొనే కడ్డీ ఒకటి, రాత్రంతా వెలిగే చిన్న దీపం ఒకటి పెట్టించిన తరువాతనే మా అమ్మ భయం లేకుండ నీళ్లు త్రాగింది.

ద్విచక్ర వాహనం వెనుక ప్రక్కవాటుగా కూర్చొనుట మూడు నెలల వరకు వద్దు. సంతకైనా, పెండ్లికైనా అంతే.

మాట తప్పినప్పుడు

శస్త్రచికిత్స తరువాత రెండవ రాత్రి మా అమ్మ చనిపోయిన మా అవ్వతో మాట్లాడింది. సూదిగొట్టాన్ని లాగివేసింది. తోడున్న బంధువులు గాలి సోకిందన్నారు, తాయెత్తు తెమ్మన్నారు. వైద్యులు దీనిని డెలీరియం అంటారు. తుంటి విరిగిన వృద్ధులలో ఇది తరచుగా వచ్చేదే. నొప్పి, చీము, నీరు తగ్గుట, మూత్రం బిగియుట, కొన్ని మందులు, నిద్రలేమి దీనికి కారణాలు. పగలు బాగుండి రాత్రి ముదరడం దీని లక్షణం. కారణాన్ని సరిచేస్తే చాలామందికి కొద్ది రోజులలో తగ్గుతుంది, కొందరికి వారాలు పడుతుంది. ఉన్నట్టుండి మాట తడబడితే వెంటనే నర్సుకు చెప్పవలెను.

సరిహద్దువారికి ఇందులో మరొక చిక్కు కలదు. మా అమ్మ సంతలో ధారాళంగా తమిళం మాట్లాడుతుంది, బేరంలో ఎవరికీ తగ్గదు. ఆ రాత్రి మాత్రం నర్సు తమిళంలో అడిగిన ఒక్క ప్రశ్నకూ జవాబివ్వలేదు. నేను తెలుగులో "ఏ ఊరు మనది?" అంటే వెంటనే చెప్పింది. మైకంలో ఉన్న మనిషికి తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోవచ్చు. బెంగళూరు ఆసుపత్రులకు వెళ్లేవారికి కన్నడంతో ఇదే అనుభవం కలుగుతుంది. అందువలన మొదటి రాత్రులలో ఇంటి భాష మాట్లాడే మనిషి ఒకరు ప్రక్కన ఉండుట, కళ్లద్దాలు, వినికిడి యంత్రం ఉంటే వాటిని తగిలించుట, పగలు కిటికీ తెరిచి వెలుతురు రానిచ్చుట మందుతో సమానంగా పనిచేస్తాయి. "రోగి తెలుగు మాట్లాడును" అని కేసు కాగితం మీద వ్రాయమని అడగడంలో తప్పు లేదు. తమిళంలో 'కాల్ ఊన్ఱలాం' అంటే కాలు ఊనవచ్చునని అర్థం, 'ఊన్ఱక్కూడాదు' అంటే ఊనరాదని. మన 'ఊను' అన్న మాటకు అది చుట్టమే కనుక పెద్దలకు సులువుగా చెప్పవచ్చు.

పథ్యం గురించి

పప్పు తింటే చీము పడుతుందని, గ్రుడ్డు వేడి అని, పెరుగు చేరదని చారు నీళ్లతో గడిపించే పథ్యం శస్త్రచికిత్స రోగికి హాని చేస్తుంది. పుండు మానడానికి, కండ తిరిగి రావడానికి మాంసకృత్తులే ఆధారం. పప్పు, ఉలవలు, గ్రుడ్డు, పాలు, పెరుగు, తినేవారికి చేప, మాంసం ప్రతి పూటా ఏదో ఒకటి ఉండవలెను. ఎముకకు సున్నం కావలెనంటే మనకు దూరం పోనక్కరలేదు. కృష్ణగిరి జిల్లా రాగికి పేరు పొందినది. 100 గ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, చక్కెర రోగులు మాత్రం తమ డాక్టరును అడిగి తినవలెను.

వృద్ధులకు నిలబడిన ఎత్తు నుండి పడినంతనే తుంటి విరిగిందంటే సాధారణంగా ఎముక గుల్లబారినదని అర్థం. రెండవ తుంటి కూడ విరిగే ప్రమాదముంటుంది. కాల్షియం, డి విటమిన్లతో పాటు ఎముకను గట్టిపరచే మందులు ఉన్నాయి. ఏడాదికొకసారి ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం సూదిని తుంటి శస్త్రచికిత్స జరిగినవారికి ఇచ్చి చూచిన పరిశోధన 2007లో వెలువడింది. అందులో మళ్లీ ఎముకలు విరుగుట 35 శాతం తగ్గింది. కుట్లు విప్పే రోజున "ఎముక గుల్లదనానికి మందు కావలెనా?" అని అడగవలెను. అడగకపోతే ఈ సంగతి ప్రస్తావనకే రాకపోవచ్చు.

వెంటనే ఆసుపత్రికి పోవలసిన సందర్భాలు

కాలు ఉన్నట్టుండి పొట్టిదై, లోపలికో వెలుపలికో తిరిగిపోయి, నిలబడలేని నొప్పి కలిగితే కీలు జారినదో, ఎముక మళ్లీ విరిగినదో కావచ్చు. పిక్క వాచి వేడెక్కి నొస్తే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు; దానిని మర్దన చేయరాదు. ఉన్నట్టుండి ఆయాసం, రొమ్ము నొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగక 108కి ఫోను చేయవలెను. కుట్ల దగ్గర రసి కారుట, ఎరుపు, జ్వరం కూడ నిర్లక్ష్యం చేయరానివి. మంచం మీదనే ఉండవలసి వచ్చినవారిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పి, మడమల మీదా పిర్రల నడుమా చర్మం ఎర్రబడినదేమో రోజూ చూడవలెను.

ఇంటికి వచ్చే సహాయం

తమిళనాడులో 'మక్కళై తేడి మరుత్తువం' పథకం 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే ప్రారంభమైనది. రక్తపోటు, చక్కెర మాత్రలు ఇంటికి తెచ్చి ఇచ్చేదిగా మాత్రమే దీనిని మనవారు ఎరుగుదురు. మంచాన పడినవారికి ఇంటి వద్దనే ఫిజియోథెరపీ చేయించుట కూడ అందులో భాగమే. గ్రామ నర్సుకు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని పేరు, విలాసం ఇచ్చి అడగవలెను. కేంద్ర ప్రభుత్వపు రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మొదలైనది; 60 ఏళ్లు దాటిన పేదలకు చేతికర్ర, వాకర్ వంటివి శిబిరాలలో ఉచితంగా ఇచ్చే పథకమది. సరిహద్దుకు ఆవల రేషను కార్డు, ఈవల కాపురం ఉన్న కుటుంబాలు మాత్రం ఆసుపత్రిలో చేరేముందే బీమా పథకపు గదిలో విచారించుకొనవలెను.

ఆసుపత్రి విడిచే ముందు ఒక నోటుపుస్తకంలో జవాబులు వ్రాయించుకొనవలసినవి కొన్ని ఉన్నాయి. ఏ శస్త్రచికిత్స చేశారు, ఆ కాలి మీద ఎంత బరువు వేయవచ్చు, వంగుట కూర్చొనుట విషయంలో కట్టుబాట్లు ఎన్ని వారాలు, రక్తం పలుచబరచే మందు ఏ తేదీ వరకు, కుట్లు ఎప్పుడు విప్పాలి, రాత్రివేళ ఎవరికి ఫోను చేయాలి. పొడి అక్షరాలలో వ్రాసి ఇస్తే పూర్తి మాటలుగా చదివి వినిపించమని అడగవలెను. మా అమ్మకు ఆపరేషన్ జరిగి ఇప్పటికి రెండేళ్లు దాటింది. ఎదురింటి అరుగు దాటి పాలకేంద్రం వరకు పోయివస్తోంది. కర్ర మాత్రం ఇప్పటికీ ఎడమ చేతిలోనే పట్టుకొంటుంది. చెప్పితే కుడికి మార్చి, నేను మలుపు తిరగగానే మళ్లీ ఎడమకు మార్చుకొంటుందని అన్న కూతురు వచ్చి చెబుతుంది.